పెట్టె కొనేముందు: పాత అమెరికన్ యాక్షన్, కామెడీ సీరియళ్లలో ఏది ఎవరికి

మా బావ న్యూజెర్సీలో విమానం ఎక్కడానికి రెండు వారాల ముందు ఫోన్ చేస్తాడు. "ఏరా, ఏం తెమ్మంటావ్?" అని. మిగతా చుట్టాలంతా బాదంపప్పు, విటమిన్ మాత్రలు, సెంటు సీసాలు చెప్పేస్తారు. నేను మాత్రం పాత సీరియళ్ల డీవీడీలు అడుగుతాను. వెనక నుంచి మా అక్క గొంతు వినిపిస్తుంది, "వాడి పిచ్చి ఇంకా తగ్గలేదా?" అని. ఒక్కో సూట్‌కేసుకి 23 కిలోల లెక్క. అందరి సామానూ సర్దాక నా వంతుకి మిగిలేది ఓ మూల. ఆ మూలలో ఒక పెద్ద పెట్టె పడుతుంది, లేదంటే రెండు మూడు చిన్నవి పడతాయి. అంచేత ఏటా నాకు ఇదే తర్జనభర్జన: ఏ సీరియల్, ఎన్ని సీజన్లు, డీవీడీయా, బ్లూ-రేయా.

ఇన్నేళ్లలో కొన్ని మంచి పెట్టెలు వచ్చాయి, కొన్ని అటకెక్కాయి. అటకెక్కిన వాటన్నిటి విషయంలోనూ నేను చేసిన పొరపాటు ఒకటే. గుర్తున్నది టైటిల్ మ్యూజిక్ ఒక్కటే, కొన్నది తొంభై ఎపిసోడ్లు.

స్ట్రీట్ హాక్ సంగతే చూడండి. అది దూరదర్శన్‌లో వచ్చిన రోజుల్లో మా వీధిలో సైకిలున్న ప్రతివాడూ దాని హీరో జెస్సీ మాక్ అయిపోయేవాడు. నల్ల మోటార్‌సైకిలు, గంటకి 300 మైళ్ల వేగం, వెనక టాంజరిన్ డ్రీమ్ బ్యాండు వాళ్ల సింథసైజర్. ఏళ్ల తరబడి నడిచిన సీరియల్ అనే నా లెక్క. 2010లో అమెరికాలో డీవీడీ వచ్చాక తెలిసింది, మొత్తం ఉన్నవే 13 ఎపిసోడ్లని. ఏబీసీ ఛానల్లో 1985 జనవరిలో మొదలై మే నెలకల్లా ఆగిపోయింది. ఇప్పుడు చూస్తే ఆ మెరుపు పరుగు షాట్లు అటు తిప్పీ ఇటు తిప్పీ అవే. కథలు పలచన. అయినా నేను దాన్ని మంచి కొనుగోలు కిందే లెక్కేస్తాను. 13 ఎపిసోడ్లు కాబట్టి విసుగొచ్చేలోపు అయిపోయింది. పైగా మొదటి ఎపిసోడ్‌లో విలన్ క్రిస్టఫర్ లాయిడ్, రెండో దాంట్లో అప్పటికింకా ఎవరికీ తెలియని జార్జ్ క్లూనీ. అతను కనిపించగానే మా ఆవిడ వంటింట్లోంచి గరిటె పట్టుకునే వచ్చి నిలబడింది.

ముందు గంటలు లెక్కపెట్టుకోండి

కొనే ముందు ధర కన్నా ముందు చూడాల్సింది మొత్తం నిడివి. అరవైల నాటి గంట సీరియల్లో ప్రకటనలు తీసేస్తే సుమారు 50 నిమిషాలు ఉంటుంది. ఎనభైలకి వచ్చేసరికి అది 48కి తగ్గింది. మిషన్: ఇంపాజిబుల్ ఏడు సీజన్లు కలిపి 171 ఎపిసోడ్లు. అంటే 140 గంటల పైమాట. రోజుకొకటి చొప్పున చూసినా ఐదు నెలలు దాటుతుంది. ది ఎ-టీమ్ 98 ఎపిసోడ్లు, 80 గంటలకి కాస్త తక్కువ. నైట్ రైడర్ 90. గెట్ స్మార్ట్ 138 గానీ అరగంటవి కాబట్టి 60 గంటల లోపే. ఇక పోలీస్ స్క్వాడ్ అనే సీరియల్ ఉంది, మొత్తం ఆరే ఎపిసోడ్లు. మన తెలుగు సినిమా ఒకటి చూసే టైములో సీరియల్ మొత్తం అయిపోతుంది.

పండక్కి పిల్లలతో కూర్చుని చూడ్డానికా, రోజూ భోంచేశాక ఒకటి చూడ్డానికా, లేక అలమారులో పెట్టుకుని మురిసిపోడానికా? మూడోదైతే ఈ వ్యాసం మీకు అక్కర్లేదు, అందంగా ఉన్న పెట్టె కొనుక్కోండి. ఆ జబ్బు నాకూ ఉంది, చివర్లో చెబుతాను.

యాక్షన్‌లో

ది ఎ-టీమ్ 1983 నుంచి 1987 దాకా ఎన్‌బీసీలో వచ్చింది. వియత్నాం యుద్ధంలో పనిచేసిన నలుగురు సైనికులు, చేయని నేరానికి జైలు, అక్కణ్నుంచి తప్పించుకుని లాస్ ఏంజెలెస్‌లో దాక్కొని కష్టాల్లో ఉన్నవాళ్లకి డబ్బు తీసుకుని సాయం చేస్తుంటారు. ప్రతి ఎపిసోడూ ఒకే అచ్చు. విలన్లు వీళ్లని పట్టుకుని ఎక్కడ బంధిస్తారంటే, వెల్డింగ్ మిషను, ఇనుప రేకులు, పాత ట్రాక్టరు ఉన్న షెడ్డులో. తాళం వేసి వెళ్లిపోతారు. మ్యూజిక్ మొదలవుతుంది, నిప్పురవ్వలు ఎగురుతాయి, పది నిమిషాల్లో ట్రాక్టరు యుద్ధ ట్యాంకైపోతుంది. ఆ తర్వాత వేల తూటాలు. జీపు గాల్లోకి లేచి పల్టీ కొడుతుంది, అందులోంచి మనుషులు దుమ్ము దులుపుకుంటూ బయటికి వస్తారు. ఎవరూ చావరు. నాలుగో ఎపిసోడ్ చూస్తుండగా మా అబ్బాయి అడిగాడు, "వీళ్లెవ్వరికీ గురి లేదా నాన్నా?" అని. చిన్నప్పుడు నాకు ఆ అనుమానమే రాలేదు.

అలాగని తీసిపారేయను. జార్జ్ పెపార్డ్ చుట్ట నోట్లో పెట్టుకుని నవ్వే నవ్వు, విమానమంటే భయపడే మిస్టర్ టీకి మిగతావాళ్లు మత్తుమందు పెట్టి ఎక్కించే ఎత్తులు, డ్వైట్ షుల్ట్జ్ పిచ్చి వేషాలు, ఇవి ఇప్పటికీ పండుతాయి. యాక్షన్ సీరియల్‌గా అది ముసలిదైపోయింది, కామెడీగా నిలబడింది. కానీ ఒకే అచ్చు 98 సార్లు చూడలేం. మొదటి సీజన్ ఒకటి, బాగా నచ్చితే రెండోది. ఐదో సీజన్లో ఉన్నవి 13 ఎపిసోడ్లే. అందులో రాబర్ట్ వాన్ పై అధికారిగా వచ్చి వీళ్ల చేత ప్రభుత్వ పనులు చేయిస్తాడు. కూలికెళ్లే స్వేచ్ఛ పోయి ఉద్యోగంలో చేరినట్టు ఉంటుంది. అది వదిలేయొచ్చు.

నైట్ రైడర్‌కీ ఇదే గతి పట్టింది, కాకపోతే ఇంకాస్త తమాషాగా. 1982లో మాట్లాడే కారంటే నోరు తెరుచుకుని చూశారు. ఇప్పుడు ఫోన్ మాట్లాడుతుంది, టీవీ మాట్లాడుతుంది, మా పక్కింటివాళ్ల కారు కూడా సీటుబెల్టు పెట్టుకోమని గొడవ చేస్తుంది. ఆ వింత పూర్తిగా పోయింది. మిగిలింది కిట్ అనే ఆ కారు గొంతులోని వెటకారం. ఆ గొంతు విలియం డేనియల్స్‌ది. తన పేరు వేయొద్దని ఆయనే చెప్పడంతో తెరమీద పేరు పడదు. హీరో డేవిడ్ హాసెల్‌హాఫ్ జుట్టు సర్దుకుంటూ చెప్పే గొప్పలకి ఆ కారు చల్లగా చురకలేస్తుంటే ఇద్దరు పాత స్నేహితుల మధ్య కూర్చున్నట్టుంటుంది. టైటిల్ మ్యూజిక్ మాత్రం మీకు సీరియల్ చూడకపోయినా తెలిసే ఉంటుంది. పంజాబీ ఎంసీ పాట 'ముండియాఁ తో బచ్ కే' వెనక మోగేది అదే. మా అబ్బాయి "ఇది పెళ్లి బరాత్ పాట కదా" అన్నాడు. మళ్లీ అదే మాట: ఒక సీజన్ చాలు.

మిషన్: ఇంపాజిబుల్ వీటికి పూర్తిగా వేరే జాతి. 1966 నుంచి 1973 దాకా సీబీఎస్‌లో వచ్చింది. సినిమాలు చూసి దీన్ని కొనేవాళ్లు మొదటి రాత్రే నిరాశపడతారు. పరుగులు లేవు, దూకుళ్లు లేవు. ఒక గదిలో గోడ వెనక గ్రెగ్ మారిస్ వైర్లు కలుపుతుంటాడు, పక్కగదిలో విలన్ భోంచేస్తుంటాడు. చాలాసేపు మాటలుండవు. దొంగతనం చేస్తున్నది మనమేనేమో అన్నంత ఉత్కంఠ. పాత్రల ఇల్లు, పెళ్లాం, పిల్లల గొడవ మచ్చుకైనా లేదు. కథంతా ఎత్తుగడే. లాలో షిఫ్రిన్ టైటిల్ మ్యూజిక్ ఐదు లెక్కలో నడుస్తుంది. సంగీతం నేర్చుకుంటున్న పిల్లలు ఇంట్లో ఉంటే తాళం వేసి చూడమనండి, ఎందుకు అది గుండె దడలా ఉంటుందో వాళ్లే చెబుతారు.

ఇందులో ఏ సీజన్? మొదటి సీజన్లో నాయకుడు స్టీవెన్ హిల్. ఆయన నిష్ఠ గల యూదు, శుక్రవారం పొద్దుగూకాక షూటింగ్‌లో ఉండనని ఖరాఖండిగా చెప్పిన మనిషి. రెండో సీజన్ నుంచి పీటర్ గ్రేవ్స్ వచ్చాడు. మారువేషాల మార్టిన్ లాండౌ, బార్బరా బెయిన్ మూడో సీజన్ అయ్యాక వెళ్లిపోయారు. అంచేత రెండు, మూడు సీజన్లు దాని నిండు యవ్వనం. బెయిన్‌కి మొదటి మూడేళ్లూ వరసగా ఎమ్మీ అనే టీవీ అవార్డు వచ్చింది, చూస్తే ఎందుకో అర్థమవుతుంది. నాలుగు, ఐదు సీజన్లలో లియొనార్డ్ నిమాయ్ కోసం చూడొచ్చు. చివరి రెండు సీజన్లలో విదేశీ నియంతలు తగ్గి అమెరికాలోని గూండాలు విలన్లయ్యారు, అక్కడ రుచి తగ్గింది.

ఒక చిన్న సరదా చెబుతాను. ఈ సీరియల్లో కల్పించిన తూర్పు యూరప్ దేశాలు బోలెడు. అక్కడి బోర్డుల మీది భాష కూడా కల్పితమే, ఇంగ్లీషు వచ్చినవాళ్లకి అర్థమయ్యేలా అక్షరాలు వంకర్లు తిప్పి రాశారు. పాజ్ చేసి ఆ బోర్డులు చదవడం మా ఇంట్లో ఒక ఆటైపోయింది.

కామెడీలో

యాక్షన్ పాతబడితే కామెడీ అవుతుంది. కామెడీ పాతబడితే మాత్రం ఏమీ కాదు, ఊరికే చచ్చిపోతుంది. అందుకే కామెడీ ఎంచుకోడం కష్టం. కానీ బతికిన కామెడీ ఇరవైసార్లు చూడొచ్చు. డబ్బు, చోటు తక్కువైతే నా ఓటు ఎప్పుడూ కామెడీకే.

గెట్ స్మార్ట్ బతికింది. 1965లో మెల్ బ్రూక్స్, బక్ హెన్రీ పుట్టించారు. డాన్ ఆడమ్స్ మాక్స్‌వెల్ స్మార్ట్ అనే గూఢచారి, పేరులోనే తప్ప తెలివి ఇంకెక్కడా లేదు. బార్బరా ఫెల్డన్ 99 నంబరు ఏజెంటు, పనంతా ఆమే చేసి పేరు మాత్రం అతనికిస్తుంది. నడిరోడ్డు మీద బూటు విప్పి చెవి దగ్గర పెట్టుకుని ఫోన్ మాట్లాడతాడు. రహస్యాలు మాట్లాడుకోడానికి ఆఫీసులో ఒక గాజు గిన్నెలాంటిది పైనుంచి దిగుతుంది. దాంట్లో కూర్చున్న ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి వినపడదు, అరుచుకుంటారు. బయట నిలబడ్డవాడికి మాత్రం అంతా వినబడుతుంది. గవర్నమెంటు ఆఫీసులో ఒక్కరోజు పనిచేసిన ఎవరికైనా ఇది కల్పన అనిపించదు. మా నాన్న ముప్పయ్యేళ్లు ట్రెజరీలో చేశారు. ఆ గిన్నె దిగినప్పుడల్లా కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకునేంత నవ్వుతారు.

ఇది కొంటే ఒకటి గుర్తుపెట్టుకోండి. మొదటి ఎపిసోడ్ బ్లాక్ అండ్ వైట్. డిస్క్ పాడైందని కంగారుపడి వెనక్కి పంపకండి, రెండోదాన్నుంచి రంగులొస్తాయి. ఐదు సీజన్లలో మొదటి మూడు నిక్షేపంలా ఉంటాయి. తర్వాత మాక్స్‌కి, 99కి పెళ్లి చేశారు. పెళ్లయ్యాక ఏ జంట కథైనా చప్పబడుతుందని నేనంటే మా ఆవిడ ఊరుకోదు కాబట్టి అంతటితో ఆపుతాను.

బ్యాట్‌మ్యాన్ 1966 నుంచి 1968 దాకా 120 ఎపిసోడ్లు. పిల్లలకి అది యాక్షన్, పెద్దలకి కామెడీ, రెండూ ఒకే సోఫాలో ఒకేసారి. ఆడమ్ వెస్ట్ మొహంలో చిన్న నవ్వైనా లేకుండా వీధి దాటే నియమాల గురించి రాబిన్‌కి ఉపన్యాసం ఇస్తుంటే ఏడేళ్లవాడు శ్రద్ధగా వింటాడు, వెనక వాళ్ల నాన్న పొట్ట చెక్కలవుతుంటుంది. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఇంకేమీ ఆలోచించకుండా ఇది కొనండి. మొదటి రెండు సీజన్లలో కథ రెండేసి ఎపిసోడ్లుగా నడుస్తుంది. మొదటి దాని చివర హీరోలిద్దర్నీ ఏ రంపం కిందో కట్టేసి ఆపుతారు. రాత్రి పడుకోబోయే ముందు మొదటి భాగం మాత్రం పెట్టి టీవీ ఆపేశారంటే ఇంట్లో యుద్ధమే.

ఈ సీరియల్ చాలా ఏళ్లపాటు డిస్కుల మీదకే రాలేదు. తీసింది ఫాక్స్, పాత్రల హక్కులు వార్నర్ చేతిలోని డీసీ కామిక్స్‌వి. ఆ చిక్కు తెగి 2014 నవంబరులో పెట్టె బయటికొచ్చింది. దీనికి మాత్రం బ్లూ-రేనే తీసుకోమంటాను. కారణం ఒక మీసం. జోకర్‌గా వేసిన సీజర్ రొమెరో తన మీసం తీయనని పట్టుబట్టాడు. చేసేది లేక మీసం మీదే తెల్లరంగు పూసేశారు. పాత టీవీలో అది కనబడేది కాదు. బ్లూ-రేలో పాజ్ చేసి చూస్తే పైపెదవి మీద తెల్లరంగులో మునిగిన వెంట్రుకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు, సున్నం కొట్టిన గడ్డిలా. జోకర్ వచ్చినప్పుడల్లా మా అబ్బాయి కథ వదిలేసి మీసమే చూస్తాడు.

పోలీసు సీరియళ్లని వెక్కిరించే పోలీస్ స్క్వాడ్ 1982లో ఆరు ఎపిసోడ్లకే ఆగిపోయింది. ఇది చూడాలంటే తెరమీద కళ్లుపెట్టి చూడాలి. నవ్వుల టేపు ఉండదు, ఎక్కడ నవ్వాలో ఎవరూ చెప్పరు. ఎపిసోడ్ పేరు తెరమీద ఒకటి పడుతుంది, గొంతు ఇంకోటి చదువుతుంది. ఆ వారం అతిథి నటుడు టైటిల్స్‌లోనే చచ్చిపోతాడు. పాత సీరియళ్లలో ఆఖరి సీన్‌లో అందరూ నవ్వుతుండగా బొమ్మ ఆగిపోతుంది కదా, ఇక్కడ బొమ్మ ఆగదు, నటులే బిగుసుకుపోతారు. ఒకదాంట్లో ఒకతను కాఫీ పోస్తూ ఆగిపోతాడు, కప్పు నిండి పొర్లిపోతూనే ఉంటుంది. ఇంకోదాంట్లో పట్టుబడ్డ దొంగ చుట్టూ చూసి, ఎవరూ కదలడం లేదని గ్రహించి పారిపోడానికి దారి వెతుక్కుంటాడు. లెస్లీ నీల్సన్ వీటన్నిటి మధ్యా గంభీరంగా నిలబడి ఉంటాడు. ఫోన్ చూసుకుంటూ టీవీ చూసే అలవాటుంటే దీన్ని కొనకండి.

దానికి తమ్ముడిలాంటిది స్లెడ్జ్ హ్యామర్, 1986–88, 41 ఎపిసోడ్లు. తుపాకీతో కబుర్లు చెప్పే పోలీసు. మొదటి సీజన్ చివర సీరియల్ ఎలాగూ ఆపేస్తారనుకుని అణుబాంబుతో ఊరంతా పేల్చేశారు. తీరా చూస్తే రెండో సీజన్‌కి ఒప్పుకున్నారు. అప్పుడేం చేశారంటే, ఇది ఐదేళ్ల ముందు జరిగిన కథ అని ఒక అక్షరం ముక్క వేసి మొదలెట్టారు. ఆ తెగింపుకే కొనొచ్చు.

మాష్ అనే సైనిక ఆసుపత్రి కామెడీ గురించి ఒక్కమాట. 251 ఎపిసోడ్లు, మూడేళ్ల కొరియా యుద్ధాన్ని పదకొండేళ్లు నడిపారు. అంత పెట్టె ఎవరికీ చెప్పను. కానీ దాని డీవీడీల్లో ఒక సదుపాయం ఉంది: మెనూలో వెనక నవ్వులు తీసేసి చూడొచ్చు. ఒకసారి నవ్వులతో, ఒకసారి లేకుండా అదే ఎపిసోడ్ చూడండి. ఆపరేషన్ గది పక్కన ఆ నిశ్శబ్దంలో అదే జోకు ఇంకోలా వినబడుతుంది. ఒక సీజన్ అరువు తెచ్చుకునైనా చూడాల్సిన ప్రయోగం.

డిస్కు గొడవలు

ఇక్కడే నేను ఎక్కువ దెబ్బలు తిన్నాను, కాబట్టి నింపాదిగా చెబుతాను.

మొదటిది ప్రాంతం తాళం. డీవీడీలకి ప్రపంచాన్ని ముక్కలు చేసి అంకెలిచ్చారు. అమెరికా 1, మనం 5. బ్లూ-రేలకైతే అమెరికా ఏ, మనం సీ. మన దగ్గర కొన్న ప్లేయర్ అన్ని ప్రాంతాలవీ ఆడిస్తుందో లేదో ముందే చూసుకోండి. మొదటిసారి బావ తెచ్చిన పెట్టె విప్పి, ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి డిస్కు పెడితే తెరమీద వచ్చింది ఒకే ఒక్క వాక్యం, ఈ డిస్కు మీ ప్రాంతానిది కాదని. బ్లూ-రేలలో చాలావాటికి తాళం వేయరు, పెట్టె వెనక చిన్న బొమ్మలో రాసి ఉంటుంది. ఇంకో ముఖ్యమైన జాగ్రత్త: కంప్యూటర్‌కి పెట్టే డీవీడీ డ్రైవ్‌లో ప్రాంతం మార్చుకోవచ్చు గానీ ఐదుసార్లే. ఐదోసారి ఏది పెడితే దానికే అతుక్కుపోతుంది. సరదాకి అటూ ఇటూ మార్చకండి.

రెండోది అక్షరాలు. మనలో చాలామందికి ఆ యాస పూర్తిగా అందదు, కింద ఇంగ్లీషు అక్షరాలు పడితేనే హాయి. మా నాన్నగారు ఇంగ్లీషు పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదువుతారు, అమెరికా వాళ్లు మాట్లాడితే మాత్రం "ఏమంటాడ్రా?" అని నా వైపు చూస్తారు. అమెరికా డీవీడీల్లో రెండు రకాలున్నాయి, సబ్‌టైటిల్స్, క్లోజ్డ్ క్యాప్షన్స్. మొదటివి మెనూలో ఎంచుకుంటే చక్కగా పడతాయి. రెండోవి పాత టీవీల కోసం చేసినవి, ఈ రోజుల్లో ప్లేయర్‌ని టీవీకి కలిపే హెచ్‌డీఎంఐ తీగ గుండా రావు. పెట్టె మీద క్లోజ్డ్ క్యాప్షన్స్ అని మాత్రమే రాసి ఉంటే మన టీవీలో ఏ అక్షరమూ పడకపోవచ్చు. దానికి మందు, కంప్యూటర్లో వీఎల్‌సీ ప్లేయర్‌తో ఆడించడం, అందులో అవి కనబడతాయి. ఇది తెలియక నేను ఒక సీజనంతా నాన్న పక్కన కూర్చుని దుబాసీ పని చేశాను.

మూడోది, రెండువైపులా ఉండే డిస్కులు. 2000ల దశకంలో వచ్చిన పాత సీరియళ్ల సెట్లలో చాలావాటిలో డిస్కుకి రెండు పక్కలా ఎపిసోడ్లుంటాయి. బొమ్మ వేసిన వైపంటూ ఉండదు, మధ్యలో వేలు పట్టే రంధ్రం చుట్టూ చీమతలకాయంత అక్షరాల్లో ఏ, బీ అని రాసి ఉంటుంది. ఎక్కడ పట్టుకున్నా వేలిముద్ర. సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఒక సెట్ నా దగ్గర సరిగ్గా క్లైమాక్స్‌లో బిగుసుకుపోయేది, ఫైటు మధ్యలో జీపు గాల్లోనే ఉండిపోయేది. అమ్మినవాడు వెనక్కి తీసుకోనన్నాడు. అదే సీరియల్ మళ్లీ ఒకవైపు డిస్కులతో వచ్చి ఉంటే రెండు డాలర్లు ఎక్కువైనా అదే తీసుకోండి. పాత సామాన్ల షాపులో కొంటే అక్కడున్నవాళ్ల చేతే ప్రతి డిస్కూ ఒకసారి ఆడించి చూడమనండి. మా బావకి ఇది చెబితే "పాతిక డిస్కులు నేనెప్పుడు చూడాల్రా" అన్నాడు. న్యాయమే.

నాలుగోది, బ్లూ-రేకి అదనంగా ఇవ్వాలా వద్దా. సీరియల్‌ని ఫిల్మ్ మీద తీశారా, వీడియో టేపు మీద తీశారా అన్నదే అసలు ప్రశ్న. ఫిల్మ్ అయితే మళ్లీ స్కాన్ చేస్తే కొత్త బొమ్మ వస్తుంది. మిషన్: ఇంపాజిబుల్, బ్యాట్‌మ్యాన్, పోలీస్ స్క్వాడ్ అలాంటివే, 2020లో వచ్చిన మిషన్ బ్లూ-రేలో గోడల మీది సున్నం పెచ్చులు కూడా కనబడతాయి. టేపు మీద తీసిన వాటిలో పెంచడానికి ఏమీ ఉండదు. ఫాల్టీ టవర్స్ లాంటి బ్రిటిష్ కామెడీలు స్టూడియోలో టేపు మీదే తీశారు, 12 ఎపిసోడ్లు, మామూలు డీవీడీ చాలు. పాత టీవీ చతురస్రంగా ఉండేది కాబట్టి బొమ్మకి రెండుపక్కలా నల్లపట్టీలు పడతాయి, పడాలి. తెర నింపుతాం అని పైనా కిందా కోసేస్తే జోకులు పోతాయి. నెట్‌ఫ్లిక్స్‌లో సైన్‌ఫెల్డ్ అనే కామెడీని అలా కోసి పెట్టినప్పుడు, రోడ్డుమీది గుంత గురించిన ఎపిసోడ్‌లో గుంతే మాయమైంది.

బ్రిటన్‌లో అమ్మే డీవీడీ చౌకగా దొరికితే ఇంకో సంగతి. అక్కడి పద్ధతిలో ఫిల్మ్ కాస్త వేగంగా పరుగెడుతుంది, సెకనుకి 24 బదులు 25 బొమ్మలు. 50 నిమిషాల ఎపిసోడ్ 48లో అయిపోతుంది, గొంతులు ఇసుమంత సన్నబడతాయి. చాలామందికి తెలియదు. టైటిల్ మ్యూజిక్ మనసులో అచ్చుపడినవాళ్లకి మాత్రం ఎక్కడో గుచ్చుకుంటుంది.

ఆఖరిది పాటలు. ఆ రోజుల్లో సీరియల్లో రేడియో పాటలు వాడినప్పుడు టీవీ వరకే హక్కులు కొన్నారు. డిస్కులకి మళ్లీ డబ్బు కట్టాలి. డబ్ల్యూకేఆర్‌పీ ఇన్ సిన్సినాటి అనే రేడియో స్టేషన్ కామెడీకి 2007లో వచ్చిన మొదటి సీజన్ డీవీడీలో చాలా పాటలు మార్చేశారు. 2014లో ఇంకో సంస్థ చాలావరకు అసలు పాటలు తిరిగి పెట్టి మొత్తం సెట్ తెచ్చింది. ఒకే సీరియల్ రెండు పెట్టెల్లో దొరికితే తేడా ఇక్కడే ఉంటుంది. మూన్‌లైటింగ్ అనే సీరియల్ కూడా పాటల హక్కుల చిక్కుతోనే 2023 అక్టోబరు దాకా స్ట్రీమింగ్‌కి రాలేదు. అన్నేళ్లూ డీవీడీ ఉన్నవాళ్లే రాజులు. "అన్నీ ఆన్‌లైన్లో ఉన్నాయి కదరా" అనే బావకి నేను చెప్పే జవాబు ఇదే.

నన్నడిగితే

సూట్‌కేసులో ఒక్క చిన్న మూలే ఉంటే పోలీస్ స్క్వాడ్. అరచేతి మందం, ఒక్క సాయంత్రం. ఇంట్లో పదేళ్లలోపు పిల్లలుంటే బ్యాట్‌మ్యాన్ బ్లూ-రే, ఇంకో ఆలోచన వద్దు. అమ్మానాన్నలతో కలిసి రాత్రి భోజనాలయ్యాక రోజుకో అరగంట అంటే గెట్ స్మార్ట్ మొత్తం సెట్, ఇన్ని కొన్నా మా ఇంట్లో అట్ట అరిగిపోయింది అదొక్కటే. ఒక్కరే కూర్చుని, దీపాలార్పి, శ్రద్ధగా చూసే మనిషైతే మిషన్ రెండో సీజన్ విడిగా కొనండి. ఏడు సీజన్ల పెట్టె ఆ తర్వాత చూద్దాం. చిన్నప్పటి సరదా తీరడమే ముఖ్యమైతే స్ట్రీట్ హాక్, పదకొండు గంటల్లో తీరిపోతుంది. ఎ-టీమ్, నైట్ రైడర్ మాత్రం ఒక్కో సీజనే. మొత్తం సెట్ కొనకండి.

నేను కొన్నాను. 2010లో అమెరికాలో వచ్చిన ఎ-టీమ్ మొత్తం సెట్ పెట్టె, ఆ నల్ల వ్యాన్ ఆకారంలోనే ఉంటుంది, చక్రాలతో సహా. బొమ్మ చూసిన క్షణం నుంచి నాకు నిద్రలేదు. బావకి చెప్పి పాతది ఒకటి తెప్పించాను. విమానాశ్రయం నుంచి వచ్చీ రాగానే సూట్‌కేసు విప్పించాను. బాదంపప్పు పొట్లాల మధ్యనుంచి జిప్పున్న సీడీ పౌచ్ ఒకటి తీసి చేతిలో పెట్టాడు. పాతిక డిస్కులూ అందులో వరసగా సర్ది ఉన్నాయి.

"వ్యానేది బావా?"

"ఆ అట్టపెట్టా? ఉత్త బరువురా. డిస్కులు తీసేసి గరాజ్‌లో పెట్టా. చంటిది అందులో క్రేయాన్లు పోసుకుంటోంది."